గార్సీనియా క్యాప్సూల్స్: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటే నమ్మొచ్చా?

పద్మజ_గుంటూరు:
వాట్సాప్ గ్రూపులో బరువు తగ్గే క్యాప్సూల్స్ అమ్ముతున్నారు. "నెలకి 6 కేజీలు గ్యారంటీ, డైటింగ్ అక్కర్లేదు" అని ప్రచారం. లేబుల్ మీద ఒక్కో క్యాప్సూల్‌లో గార్సీనియా ఎక్స్‌ట్రాక్ట్ 500 మి.గ్రా., అందులో హెచ్‌సీఏ (గార్సీనియా కాయలో ఉండే ఆమ్లం) 60 శాతం అని ఉంది. రోజుకి రెండు వేసుకోవాలట. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు కూడా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

మూర్తి_ఫార్మసిస్ట్:
పద్మజ గారూ, 500లో 60 శాతం అంటే 300. రోజుకి రెండంటే 600 మి.గ్రా. హెచ్‌సీఏ. 1998లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్లో రోజుకి 1,500 మి.గ్రా. ఇచ్చి చూశారు. 135 మంది, 12 వారాలు. సగం మందికి గార్సీనియా, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. భోజనం మాత్రం అందరికీ ఒకటే: కేలరీలు తక్కువ, పీచు ఎక్కువ. గార్సీనియా వాళ్ళు సగటున 3.2 కేజీలు తగ్గారు, ఉత్తుత్తి మాత్ర వాళ్ళు 4.1. అంటే మందు వల్ల ఒరిగిందేమీ లేదు. పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చే ఎంజైమును హెచ్‌సీఏ అడ్డుకుంటుందన్నది ఎలకల్లో చూసిన సంగతి. మామూలు భోజనం చేసే మనిషి ఒంట్లో ఆ దారిన తయారయ్యే కొవ్వే చాలా తక్కువ.

రమణారెడ్డి_నల్గొండ:
సర్కారు లైసెన్సు ఊకెనే ఇస్తదా అన్నా? నంబరు ఉన్నదంటే పరీక్ష చేసినట్టే కదా.

మూర్తి_ఫార్మసిస్ట్:
కాదండీ. అది ఆహార వ్యాపారం చేసుకోవడానికిచ్చే లైసెన్సు. ఆ క్యాప్సూల్ వేసుకుంటే బరువు తగ్గుతుందని ఎవరూ తేల్చి ఇచ్చింది కాదు. 14 అంకెల ఆ నంబరును ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళ ఫాస్కాస్ సైట్లో కొట్టి చూడండి, కంపెనీ పేరు, అడ్రసు, ఏ రకం వ్యాపారమో వస్తాయి. లేబుల్ మీద పేరూ అక్కడి పేరూ కలవకపోతే అక్కడితో ఆపేయండి. ఇలాంటి సప్లిమెంట్ల మీద "ఔషధంగా వాడటానికి కాదు" అని రాయాలన్నది కూడా వాళ్ళ నిబంధనే.

శ్రీను_విశాఖ:
కేరళవాళ్ళు చేపల పులుసులో వేసే పులుపే కదా ఇది? కుడంపులి. దానికేం ప్రమాదం?

లత_డైటీషియన్:
శ్రీను గారూ, పులుసులో వేసే రెండు రెబ్బలు వేరు, రోజూ మింగే గాఢమైన ఎక్స్‌ట్రాక్ట్ వేరు. గార్సీనియా ఉన్న సప్లిమెంట్లు వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి.

రమణారెడ్డి_నల్గొండ:
మేం అమ్మే గ్రూపుల మొదటి వారంలనే రెండు కేజీలు తగ్గినోళ్ళున్నరు. లెక్కలు మీరు చెప్పుడు కాదు, కాటా చెప్తది.

లత_డైటీషియన్:
కాటా నీళ్ళను కూడా తూస్తుంది రమణ గారూ. అన్నం తగ్గించగానే ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిలవున్న పిండిపదార్థం ఖర్చవుతుంది, ఒక్కో గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరు పోతుంది. కేజీ కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు కావాలి. వారంలో రెండు కేజీల కొవ్వంటే రోజుకి 2,200 లోటు. చాలామందికి అది పూర్తిగా పస్తుంటేనే కుదురుతుంది. మళ్ళీ మామూలుగా తిన్న రెండు మూడు రోజులకే ఆ నీరు తిరిగొస్తుంది.

ఇంకో మాట. "మొక్కల మందు" వేసిన మొదటి రోజు నుంచే ఆకలి చచ్చిపోయి, నోరెండిపోయి, గుండె దడ, నిద్రలేమి వస్తే సిబుట్రమిన్ అనే ఆకలి చంపే మందు కలిపారని అనుమానించాలి. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని 2010లో అమెరికాలో మార్కెట్ నుంచి తీసేశారు, 2011లో మన దేశంలో నిషేధించారు. ఆ తర్వాత కూడా హెర్బల్ పేరుతో అమ్మే క్యాప్సూల్స్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి అది ఎన్నోసార్లు దొరికింది.

రమణారెడ్డి_నల్గొండ:
లైసెన్సున్న మందుల అది కలుపుతరా? అమ్మెటోళ్ళందరు దొంగలేనా? లావున్న ఆడమనిషి మోకాలి నొప్పని ఆసుపత్రికి పోతే మొఖం కూడ చూడకుంట "బరువు తగ్గు" అని చీటీ రాసి పంపిస్తరు. ఎట్ల తగ్గాల్నో ఒక్కరు చెప్పరు. గ్రూపుల రోజు ఫోన్ చేసి ఏం తిన్నవక్కా, ఎంత నడిచినవ్ అని అడుగుతరు. గది మీకు కనపడదు!

మూర్తి_ఫార్మసిస్ట్:
కనపడుతోంది రమణ గారూ, ఆసుపత్రుల మీద మీ కోపం న్యాయమే. పనిచేసేది కూడా ఆ ఫోనే. ట్రయల్లో ఉత్తుత్తి మాత్ర వాళ్ళు 4.1 కేజీలు తగ్గింది ఆ భోజనం పాటించబట్టే. రోజూ అడిగి పాటింపజేసే పనికి డబ్బు తీసుకోండి, తప్పులేదు. సీసా ఎందుకు?

రమణారెడ్డి_నల్గొండ:
ఉత్త మాటలకు ఎవరు పైసలిస్తరన్నా? చేతిల సీసా ఉంటెనే మనిషి మాట వింటడు.

మూర్తి_ఫార్మసిస్ట్:
నాకు ఒప్పుదల కానిది అదే. మాట వినిపించడానికి ఇచ్చే సీసా లివర్ మీద పడితే ఎవరు పూచీ? పైగా "డైటింగ్ అక్కర్లేదు" అని మీ ప్రచారమే ఆ మాటను కొట్టేస్తోంది.

పద్మజ_గుంటూరు:
ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఏం చూసుకోవాలి?

లత_డైటీషియన్:
వెంటనే ఆపేయడం మంచిది. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్ళు పచ్చబడినా, ఒళ్ళంతా దురద, వికారం ఉన్నా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోవాలి. సీసా వెంట తీసుకెళ్ళండి, ఏం మింగారో డాక్టరుకి తెలియాలి. కామెర్లని పసరు మందుకి మాత్రం పోవద్దు. దెబ్బతిన్న లివర్ మీద ఇంకో తెలియని మందు పడుతుంది, చికిత్సకి దొరికే టైమూ పోతుంది.

రమణారెడ్డి_నల్గొండ:
పసరు సంగతి ఒప్పుకుంట అక్కా. లైసెన్సు సంగతి ఒప్పుకోను.