సరుకు పోగొట్టుకున్న ముఠా ప్లేయర్ల మీద ఎలా పగ తీర్చుకోవాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. మా ఊళ్లో ఆదివారాలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం, అదే, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. కథ అల్లి ఆట నడిపించే గేమ్ మాస్టర్‌ని నేనే. కథ 1936లో నడుస్తుంది. ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మన ఊరు ఇటు వచ్చేసింది, నౌపడా మద్రాసు వైపే ఉండిపోయింది. ఉప్పు మీద ఇంకా పన్ను ఉంది. నౌపడా నుంచి దొంగ ఉప్పు తెచ్చి కొండ సంతల్లో అమ్మే ముఠా ఒకదాన్ని కల్పించాను. పోయిన వారం మావాళ్లు ఆ ముఠా బళ్లను ఆపి నలభై బస్తాలు మహేంద్రతనయలో కలిపేశారు. క్యారెక్టర్లు ఇంకా మూడో లెవెల్లోనే ఉన్నారు. ముఠా రాత్రికి రాత్రే వచ్చి నరికేస్తే ఆట అక్కడితో సరి. ఊరుకుంటే ఇక ముఠా అంటే ఎవరికీ లెక్కుండదు. ఏం చేయమంటారు?

జవాబు (గుణుపురం నుంచి):
ముందు ఒకటి తేల్చుకోండి. ఆ పని చేసింది వీళ్లేనని ముఠాకి ఎలా తెలుస్తుంది? బండివాడు చూశాడా, మీవాళ్లలో ఎవరైనా ఎక్కడైనా గొప్పలు పోయారా? ఏదీ లేకపోతే ముఠా ముందు ఆరా తీయాలి. ఆ ఆరానే వచ్చే సెషన్‌లో ఆడించండి. పూటకూళ్ల ఇంట్లో కొత్త మనిషి ఒకడు భోజనం చేస్తూ, "మొన్న రాత్రి తడి బట్టలతో ఎవరైనా వచ్చారా అమ్మా?" అని అడుగుతుంటే మీవాళ్ల చెవిన పడనివ్వండి. కత్తి తీయక్కర్లేదు, టెన్షన్ దానంతటదే మొదలవుతుంది. పైగా ప్లేయర్లకి ఏదో ఒకటి చేసే వ్యవధి దొరుకుతుంది. ఆమె నోరు మూయిస్తారా, ఆ మనిషి వెనకాలే వెళ్తారా, ఊరు వదిలేస్తారా అన్నది వాళ్ల ఇష్టం.

ముఠాది వ్యాపారం. శవం లేస్తే పోలీసులు వస్తారు, దారి మూసుకుపోతుంది. కాబట్టి దానికి ముందు కావలసింది నలభై బస్తాల ఖరీదు, ఆపైన జరిమానా. ఊళ్లో నలుగురూ మాట వినే షావుకారు ఒకాయన వచ్చి మర్యాదగానే అడుగుతాడు. ఇవ్వనంటే ఒత్తిడి మొదలవుతుంది. కొట్లో అరువు ఇవ్వరు. బండి బాడుగకి దొరకదు. ఒక తెల్లవారి తలుపు తీస్తే వాళ్ల సొంత బండి చక్రం చీల గుమ్మం మీద పెట్టి ఉంటుంది. ఇంతవరకు ఎవరికీ దెబ్బ తగల్లేదు చూడండి. నాకైతే ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఇలాంటి ఆటలోనే గడియారం పద్ధతి ఉంది, వాడుకోండి. కాగితం మీద వృత్తం గీసి ఆరు భాగాలు చేయండి. మీవాళ్లు మళ్లీ ముఠా జోలికి వెళ్లినా, నోరు జారినా ఒక భాగం నింపండి. నష్టం కట్టినా, మధ్యవర్తిని పంపినా ఒకటి చెరపండి. ఆరూ నిండాకే దాడి. కాగితం అందరికీ కనిపించేలా పెడితే, దాడి జరిగిన రోజు అన్యాయమని ఎవరూ అనరు.

రాయగడ నుంచి:
గడియారం బాగుంది. ఆ ఆటలోదే ఇంకో రూలు కూడా తీసుకోండి అన్నా. ముఠాలతో సంబంధాన్ని మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా లెక్కేస్తారు. మైనస్ 3కి పడిపోతే యుద్ధమే. అప్పుడు ఒక సాహసానికీ ఇంకో సాహసానికీ మధ్య విరామంలో ఒక్కో క్యారెక్టర్‌కి రెండు సొంత పనులు చేసుకునే బదులు ఒకటే చేసుకునే వీలు దొరుకుతుంది. గాయం మాన్పుకోవాలా, డబ్బు చూసుకోవాలా అన్న ఇరకాటం. ప్లేయర్లకి పగ తగిలేది అక్కడే.

కోరాపుట్ నుంచి:
క్యారెక్టర్ల ఇంటివాళ్ల మీదికి వెళ్లే ముందు ప్లేయర్లని అడగండి. పిల్లల్ని ఎత్తుకెళ్లడం లాంటివి కొందరు భరించలేరు. ఎక్స్ కార్డ్, అంటే X గుర్తు వేసిన కార్డు, బల్ల మీద ఉంచితే, వద్దనుకున్న వాళ్లు దాన్ని తాకి కారణం చెప్పకుండానే ఆ సన్నివేశం ఆపొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. ఇంకో రెండు సందేహాలు. గడియారం నిండి దాడి జరిగితే మూడో లెవెల్ వాళ్లు బతుకుతారా? మావాళ్లు ముందే పోలీసుల దగ్గరికి పోతే?

గుణుపురం నుంచి:
బతుకుతారు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో దగ్గర నుంచి కొట్టిన దెబ్బతో హిట్ పాయింట్లు (క్యారెక్టర్ ప్రాణబలం లెక్క) సున్నాకి వస్తే, కొట్టినవాడు చంపకుండా స్పృహ తప్పించొచ్చు. ముఠా మనుషులకి కర్రలు ఇవ్వండి. ఓడిపోతే కళ్లు తెరిచేసరికి చేతులు కట్టేసి ఉప్పు గిడ్డంగిలో ఉంటారు, ఎదురుగా ముఠా పెద్ద కూర్చుని ఉంటాడు. నలభై బస్తాలకి బదులు తన పని ఒకటి చేసిపెట్టమంటాడు. తర్వాతి కథ మీకు అక్కడే దొరుకుతుంది.

పోలీసుల దగ్గరికి పోనివ్వండి. ఫిర్యాదు పర్లాకిమిడిలో, మనుషులు టెక్కలి అవతల. ఇక్కడి స్టేషన్ మద్రాసు వైపు వాళ్లకి రాసుకోవాలి, జవాబు కోసం చూడాలి. ఈలోపు ముఠా రెండు బస్తాల దొంగ ఉప్పు మీవాళ్ల పెరట్లో గడ్డివాము కింద పెట్టించి, ఉప్పు శాఖ వాళ్లకి తనే కబురు పంపుతుంది. సోదాకి వచ్చేవాళ్లు నిజాయితీపరులైతే ఇంకా మంచిది, మీవాళ్లు వాళ్లని కొట్టలేరు, కొనలేరు.