1899 నాటి ఈ అమెరికన్ కార్టూన్ వెక్కిరింపా, సమర్థనా? తెలిసినవాళ్లు చెప్పండి

డిగ్రీ పిల్లలకు అమెరికా సామ్రాజ్యవాదం చెప్పడానికి 'పక్' అనే అమెరికన్ హాస్య పత్రికలో 1899 జనవరిలో వచ్చిన కార్టూన్ ఒకటి తీసుకున్నాను. అమెరికాకు ప్రతీక అయిన అంకుల్ శామ్ ఇందులో బెత్తం పట్టిన పంతులు, మిగతావాళ్లు పిల్లలు. ముందు బెంచీలో ఫిలిప్పీన్స్, హవాయి, ప్యూర్టోరికో, క్యూబా మొహాలు ముడుచుకుని కూర్చుంటాయి. వెనక కాలిఫోర్నియా, టెక్సస్ వగైరా బుద్ధిగా చదువుకుంటుంటాయి.

నన్ను కలచివేసేది మాత్రం గది అంచులు. నల్లజాతి కుర్రాడు కిటికీ తుడుస్తుంటాడు. ఆదివాసీ పిల్లాడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని విడిగా కూర్చుంటాడు. చైనా పిల్లాడైతే గుమ్మం బయటే! అమెరికన్ అంటే ఎవరో ఆ ఒక్క బొమ్మలో తేలిపోతుంది.

తన వలసైన ఫిలిప్పీన్స్‌ను అమెరికాకు 2 కోట్ల డాలర్లకు అప్పగిస్తూ స్పెయిన్ సంతకం పెట్టింది 1898 డిసెంబర్‌లో. ఫిబ్రవరికల్లా అక్కడ అమెరికాతో యుద్ధమే. ఫిలిప్పీన్స్ ప్రజలను ఎవరూ అడగలేదు.

నాకిది సామ్రాజ్యాన్ని వెనకేసుకొచ్చే బొమ్మలాగే ఉంది. మా సహోద్యోగి మాత్రం ఆ అంచుల్లోని పిల్లలే అసలు ఎత్తిపొడుపు అంటారు. అప్పటి పాఠకులు దీన్ని ఎలా తీసుకున్నారు? ఈ ఆక్రమణలను వ్యతిరేకించిన అమెరికన్ల సంఘం యాంటీ ఇంపీరియలిస్ట్ లీగ్ తరఫున గానీ, ఫిలిప్పీన్స్ వాళ్లే గానీ గీసిన కార్టూన్లు ఎక్కడ దొరుకుతాయి? వచ్చే వారమే క్లాసు, కాస్త టెన్షన్‌గా ఉంది. చరిత్ర చదివినవాళ్లు దయచేసి చెప్పండి.