సమస్య: “కరగకయె గాలి యయ్యెను గట్టిరాయి”

ఈ వారం తేటగీతి. పాదం చూడగానే అందరికీ కర్పూరం తడుతుంది. దాన్ని పక్కన పెట్టి, యురేనియం హెక్సాఫ్లోరైడ్ (ఒక యురేనియం పరమాణువుకు ఆరు ఫ్లోరిన్లు చేరిన పదార్థం) మీద పూరించండి. అంత బరువైన లోహం ఆవిరై లేచిపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పూరణ 1 (కెమిస్ట్రీ మాస్టారు)

ఆరు ఫ్లోరీను లొక లోహ మావరింప
ఏబదాఱున్నరయె వేడి యెక్కినంత
నీరుగా మారి మధ్యలో నిలువకుండ
కరగకయె గాలి యయ్యెను గట్టిరాయి

పూరణ 2 (కొత్త సభ్యురాలు)

పచ్చ యుప్పుకు ఫ్లోరీను పట్టినంత
తెల్ల పలుకులై నిలిచెను దిమ్మ కట్టి
సన్న సెగ సోకినంతనే మెల్లగాను
కరగకయె గాలి యయ్యెను గట్టిరాయి

నిర్వాహకుడు: అమ్మా, మూడో పాదంలో యతి తప్పింది. ‘స’కు ‘మె’ కుదరదు. ‘చల్లగాను’ అనండి, స-చ మైత్రి సరిపోతుంది. సెగకు చల్లదనం ఎదురొచ్చి అందం కూడా పెరుగుతుంది. ‘పచ్చ యుప్పు’ నాకు చాలా నచ్చింది. అంటే నాలుగు ఫ్లోరిన్లున్న ఆకుపచ్చ యురేనియం టెట్రాఫ్లోరైడ్, 1036 డిగ్రీల దాకా కరగదు. ఇంకో రెండు ఫ్లోరిన్లు చేరితే 56.5 డిగ్రీలకే ఆవిరి!

మాస్టారు: ఒక్క మాటమ్మా. ఫ్లోరిన్‌తో కలిసినప్పుడు ముందు వచ్చేది ఆవిరే, చల్లార్చాకే పలుకులు కడుతుంది. మీ పద్యంలో ఆ మెట్టు జారిపోయింది.

కొత్త సభ్యురాలు: దిద్దుకుంటాను మాస్టారూ. ఇంత తంటా పడి ఆవిరి చేయడం ఎందుకండీ?

మాస్టారు: సహజ యురేనియంలో 235 ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకం) 0.7 శాతమే. దాన్ని ఆవిరి రూపంలో వేరు చేసేటప్పుడు బరువులో తేడాయే ఆధారం. ఫ్లోరిన్‌కు ప్రకృతిలో ఉన్నది ఒకటే ఐసోటోపు, 19. అందుకే ఈ అణువుల బరువులు 349, 352 అయ్యాయంటే ఆ 3 తేడా అచ్చంగా యురేనియందే. క్లోరిన్‌కు రెండు ఐసోటోపులు, లెక్క కలగాపులగమైపోతుంది.

మరో సభ్యుడు: మాస్టారూ, మీ పూరణలో ఒక లోటు. మూసిన సిలిండర్‌లో ఒత్తిడి ఒకటిన్నర అట్మాస్ఫియర్లు దాటితే 64 డిగ్రీల దగ్గర ఇది కరుగుతుంది, కరిగి బాగా ఉబ్బుతుంది కూడా. 1986 జనవరిలో ఓక్లహోమాలోని గోర్ దగ్గర, ఎక్కువగా నింపిన సిలిండర్‌ను వేడి చేస్తే పగిలింది. గాలిలోని తేమ తగిలి హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుట్టింది, ఒక కార్మికుడి ప్రాణం పోయింది. ‘కరగకయె’ అనాలంటే ఒత్తిడి సంగతి చెప్పి తీరాలి.

మాస్టారు: ఒప్పుకుంటున్నాను. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:

బయటి యొత్తిడి యున్నట్టి పాత్రలోన