గాలివానకు కూలిన వంటింటి గోడ: క్లెయిమ్‌కు గాలి రుజువు ఎలా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంటికి భారత్ గృహ రక్ష (ఇంటి బీమా) పాలసీ ఉంది, ప్రీమియం బాకీ లేదు. గత నెల 14న రాత్రి 11 దాటాక గాలివానకు వంటింటి పడమటి గోడ కూలింది, పైన రేకులు లేచిపోయాయి. తెల్లారగానే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నాను. ఇటుకలు కదపకుండా ఫొటోలు, వీడియో తీశాను. సర్వేయర్ వచ్చి పది నిమిషాలు చూశారు, అంతే. మూడు వారాలకు లెటర్ వచ్చింది: ‘పాత పగుళ్ల వల్ల కూలింది, గాలి వల్ల కాదు.’

ఆ గోడకు రెండేళ్ల క్రితమే ప్లాస్టరింగ్ చేయించాం. మేస్త్రీ రసీదు పంపాను, లెక్కలోకి తీసుకోలేదు. తహశీల్దార్ ఆఫీసు ఒడియాలో ఇచ్చిన కాగితంలో గోడ కూలిందని ఉంది కానీ గాలి మాట లేదు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టి 9 రోజులైంది, జవాబు లేదు. 30 రోజులు దాటితే భువనేశ్వర్‌లోని బీమా ఓంబుడ్స్‌మన్ (బీమా కంపెనీలపై ఫిర్యాదులు చూసే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చని తెలుసు, కానీ చేతిలో రుజువు లేకుండా వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. అమ్మ ఇప్పటికీ టార్పాలిన్ కిందే వండుతోంది.

గజపతి, గంజాం వైపు ఇలాంటి క్లెయిమ్ గెలిచినవాళ్లు చెప్పండి: ఆ రాత్రి మా ఊళ్లో గాలివాన వచ్చిందని చూపే ఏ కాగితాన్ని కంపెనీ ఒప్పుకుంది, దాన్ని ఎవరి దగ్గర తీసుకున్నారు?