ఈబీ ఉన్న పాప దురదకు సీబీడీ నూనె రాయవచ్చా?

ప్రశ్న (పాప అమ్మ, గుంటూరు):
మా పాపకు ఆరేళ్లు. డిస్ట్రోఫిక్ ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా (ఈబీ) అనే పుట్టుకతో వచ్చే చర్మవ్యాధి ఉంది. చర్మం పొరలను పట్టి ఉంచే ఏడో రకం కొల్లాజెన్ సరిగా తయారు కాదు, కొంచెం రాపిడికే బొబ్బలు లేస్తాయి. నొప్పినైనా ఓర్చుకుంటుంది గానీ దురదను ఓర్చుకోలేదు. మానుతున్న పుండే ఎక్కువ దురద పెడుతుంది. నిద్రలో గోకి, మానిన చోటునే మళ్లీ చీల్చుకుంటుంది. అలర్జీకి వాడే సెట్రిజిన్ వేస్తే మత్తుగా పడుకుంటుంది, చేయి మాత్రం ఆగదు. విదేశాల్లో కొందరు గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె రాస్తున్నారట. ఇక్కడ విజయ ఆకు సారం పేరుతో ఆన్‌లైన్‌లో కనిపించింది. ఎవరైనా వాడారా?

జవాబు (చర్మవైద్యురాలు, వరంగల్):
అమ్మా, ఆ ఆశకు కొంత ఆధారం ఉంది. తల్లిదండ్రులే సొంతంగా ఈ నూనె రాసిన ముగ్గురు ఈబీ పిల్లల గురించి 2018లో ఒక వైద్యపత్రికలో వచ్చింది. బొబ్బలు తగ్గాయని, పుండ్లు త్వరగా మానాయని వారు చెప్పారు. ఒకరికి నోటితో ఇచ్చే ఓపియాయిడ్ (నల్లమందు తరహా బలమైన నొప్పి) మందు పూర్తిగా మాన్పించగలిగారు. కానీ ముగ్గురే, పోల్చి చూడటానికి నూనె రాయని పిల్లలు లేరు.

నాకు ఎక్కువ భయం ఆ సీసాతోనే. అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షిస్తే 26 మాత్రమే లేబుల్‌కు సరిపోయాయని 2017లో తేలింది. ఆ 84లో 18 వాటిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ బయటపడింది. విజయ అంటే గంజాయే, ఆకు సారంలోనూ టీహెచ్‌సీ ఉండవచ్చు. పచ్చి పుండు మీద రాస్తే ఒంట్లోకి ఎంత చేరుతుందో ఇంట్లో తెలుసుకునే దారి లేదు. దయచేసి పుండ్ల మీద రాయకండి.

ఈ దురద హిస్టమిన్ (అలర్జీలో ఒంట్లో విడుదలయ్యే రసాయనం) వల్ల మాత్రమే వచ్చేది కాదు, నరాల పాత్ర కూడా ఉంటుంది. హిస్టమిన్‌ను మాత్రమే అడ్డుకునే సెట్రిజిన్ చాలకపోవడం అందుకే. నరాల మీద పనిచేసే గబాపెంటిన్ అనే మందు గురించి మీ డాక్టరును అడగండి.

జవాబు (ఈబీ బాబు నాన్న, విజయవాడ):
అక్కా, మా వాడికి వేడి, చెమట తగిలితే దురద రెట్టింపు. గది చల్లగా ఉంచుతాం. బట్టలు తిరగేసి తొడుగుతాం, కుట్లు ఒంటికి తగలకుండా. కట్లు విప్పాక గాలి తగలగానే గోకుతాడు కాబట్టి కొత్తవి ముందే కత్తిరించి పెట్టుకుంటాం.

జవాబు (పాప అమ్మ):
పుండ్లు లేని చోట మాత్రం రాస్తే, డాక్టరుగారూ?

జవాబు (చర్మవైద్యురాలు):
సీసా లేబుల్, పాప వాడే మందుల చీటీ రెండూ మీ డాక్టరుకు చూపించండి. సీబీడీ లోపలికి చేరితే ఒంట్లో కొన్ని మందుల స్థాయిని మార్చవచ్చు, కాలేయానికీ ఇబ్బంది రావచ్చు. ఆయన సరేనంటే తప్ప మొదలుపెట్టకండి.