చర్చ: ఫాంటసీ టేబుల్‌టాప్ ఆటలను జపాన్ అనిమే దారి తప్పించిందా?

తాటాకు (చర్చ ప్రారంభం)

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతో కథను నడిపించే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలను జపాన్ అనిమే (యానిమేషన్ కథలు) దారి తప్పించిందన్నది నా అభియోగం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. ఆ తొలి కాలపు ఆటకు ప్రాణం ప్రమాదమే. అడ్వాన్స్‌డ్ నియమాల్లో మొదటి లెవెల్ మాంత్రికుడికి నాలుగు ముఖాల పాచిక ఒకసారి వేస్తే వచ్చినన్ని హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క) మాత్రమే ఉండేవి. ఓర్క్ అనే రాక్షసుడి కత్తివేటు ఒక్కటి సరిగ్గా తగిలితే అతని పని అయిపోయేది. అందుకే ఆటగాళ్లు తలుపుకు చెవి ఆనించి విన్నాకే తెరిచేవారు, పదడుగుల కర్రతో నేలను తట్టి చూసి అడుగు వేసేవారు, గెలవలేమనిపిస్తే సిగ్గుపడకుండా వెనక్కి తిరిగేవారు.

ఇప్పుడు కొత్తగా చేరుతున్నవారిలో చాలామంది అనిమే చూసి వస్తున్నారు. తెలుగు డబ్బింగులు కూడా వస్తున్నాయి కనుక మన దగ్గర ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. వారు కోరుకునే వీరుడు చావడు, తన ఎత్తున్న కత్తిని ఒంటిచేత్తో తిప్పుతాడు, ప్రతి దెబ్బకూ ఒక పేరు పెట్టి అరుస్తాడు. ప్రచురణకర్తలు కూడా ఆ కోరికకు తగ్గట్టే నియమాలను మార్చుకుంటూ వచ్చారని నేను భావిస్తున్నాను. కాదనేవారు ఆధారాలతో మాట్లాడితే సంతోషిస్తాను.

మలుపు

తాటాకు గారూ, పాత ఆటలోని ప్రమాదం మీద మీకున్న మక్కువ నాకూ ఉంది. అయితే నేరం చేసింది ఒకరైతే మీరు మరొకరిని బోనులో నిలబెట్టారు.

ముందు ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో చూద్దాం. 1986లో జపాన్‌లో కాంప్‌టీక్ అనే కంప్యూటర్ పత్రికలో గ్రూప్ ఎస్‌ఎన్‌ఈ బృందం తాము ఆడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను, ఎవరు ఏమన్నారో సంభాషణల రూపంలో రాసి ధారావాహికగా వేసింది. ఆటను నడిపించే డంజన్ మాస్టర్ ర్యో మిజునో. ఆ ఆటే 'రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్'. తర్వాత 1988లో అది మిజునో నవలగా, 1990లో పదమూడు భాగాల అనిమేగా వచ్చింది. అందులోని ఆరుగురు సాహసికులను వరుసగా గమనించండి. యోధుడు పార్న్, ఎల్ఫ్ డీడ్‌లిట్, మరుగుజ్జు జాతి ఘిమ్, మాంత్రికుడు స్లేన్, పూజారి ఎటో, దొంగ వుడ్‌చక్. డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ రూల్‌బుక్‌లో ఎల్ఫ్, డ్వార్ఫ్ (మరుగుజ్జు) అనేవి జాతులు మాత్రమే కావు, వాటినే క్లాసులుగా, అంటే పాత్ర రకాలుగా, తీసుకోవాలి. ఆ పట్టికలోని ఏడు క్లాసుల్లో హాఫ్లింగ్ అనే పొట్టి జాతిని తీసేస్తే మిగిలే ఆరే ఈ ఆరుగురు. జపాన్ ఫాంటసీ అనిమేకు పునాదిరాళ్లలో ఒకటైన ఈ కథ మనం ఆడే బల్ల మీదే పుట్టింది. అమెరికాలో 1981లో వచ్చిన విజార్డ్రీ అనే కంప్యూటర్ ఆట ద్వారా కూడా ఇదే సరుకు జపాన్‌కు చేరి, అక్కడ తరాల తరబడి నిలిచిపోయింది. ఆ తర్వాత తిరిగి వచ్చినదాన్ని చూసి పరాయిదని ఉలిక్కిపడటం నాకు సమంజసంగా తోచదు.

ఇక చావు సంగతి. వీరులను చావనివ్వకూడదన్న ఆలోచన ఎక్కడ మొదలైందో వెతికితే జపాన్ దాకా పోనవసరం లేదు. 1984లో, అప్పట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను ప్రచురించిన టీఎస్‌ఆర్ సంస్థ, డ్రాగన్‌లాన్స్ అనే పేరుతో ఆడటానికి సిద్ధంగా రాసిన సాహసాలను ప్రచురించింది. ముందే రాసిపెట్టిన పెద్ద కథ, ముందే తయారైన పాత్రలు, వాటితో పాటే నవలలు. కథకు కావలసిన పాత్ర చావవలసి వస్తే, శవం కంటపడకుండా చూడమని, తర్వాత ఎలాగో బతికి వచ్చే వీలు ఉంచమని ఆ తొలి సాహసంలోనే డంజన్ మాస్టర్‌కు సూచన ఉంది. లోడోస్ ఇంకా మొదలు కాని రోజులవి. ప్రమాదాన్ని పలుచన చేసింది ఇంగ్లీషులో రాసిన నవలా ధోరణి. దానికి వేయవలసిన శిక్షను పదేళ్లో ఇరవయ్యేళ్లో ఆలస్యంగా వచ్చిన అనిమేకు వేస్తున్నాం.

పైగా లోడోస్‌లో చావు లేదని ఎవరూ అనలేరు. ఘిమ్ చనిపోతాడు. వుడ్‌చక్ శరీరాన్ని మంత్రగత్తె కార్లా ఆక్రమిస్తుంది. ఆ బృందం కథను ఆరుగురుగా ముగించదు.

నీలికలువ

బొమ్మల విషయం కూడా ఇలాగే తలకిందులైంది. జపాన్ ఆటల్లో, అనిమేల్లో ఓర్కులకు పందిముఖం ఎందుకుంటుందని చాలామంది అడుగుతుంటారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ రాక్షసుల పుస్తకమైన 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ తెరిస్తే ఓర్క్ వర్ణనలోనే గులాబిరంగు మూతి ఉంది, పక్కన బొమ్మలోనూ పంది పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికా చిత్రకారులు తర్వాత ఆ రూపాన్ని వదిలేశారు, జపాన్ మాత్రం వదల్లేదు.

భారీ కత్తుల సంగతి వేరు. అది అటు నుంచి వచ్చిందని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. 1989లో మొదలైన బెర్సెర్క్ మాంగా (జపాన్ కామిక్), 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 వీడియో గేమ్ చూసిన కళ్లకు, పాత్‌ఫైండర్ అనే మరో టేబుల్‌టాప్ ఆట పుస్తకాల్లోని అమిరి అనే బార్బేరియన్ మంచు రాక్షసుడి కత్తిని భుజాన వేసుకుని నిలబడితే కొత్తగా ఏమీ అనిపించదు. కాని దాని వల్ల ఆట నడిచే తీరు మారిందా? కత్తి ఎంత పెద్దదైనా చివరికి పాచిక వేయవలసిందే. బొమ్మల గురించి ఇంతకంటే ఎక్కువ వాదించడం అనవసరమని నా అభిప్రాయం.

తాటాకు

తేదీల విషయంలో మలుపు గారు చెప్పినదాన్ని కాదనను. అయితే నా అభియోగంలో అసలు భాగానికి ఇంకా సమాధానం రాలేదు. 2006లో వచ్చిన 'టోమ్ ఆఫ్ బ్యాటిల్' అనే డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల పుస్తకం సంగతేమిటి? దాని రచయితలే ముందుమాటలో జపాన్ అనిమేను, హాంకాంగ్ యాక్షన్ సినిమాలను, వీడియో గేములను ప్రేరణలుగా పేర్కొన్నారు. అందులో డెసర్ట్ విండ్ అనే విద్య నేర్చినవాడు కత్తి విసిరితే మంటలు లేస్తాయి. రెండేళ్లకు వచ్చిన నాలుగో ఎడిషన్ ఈ పద్ధతిని ప్రతి క్లాసుకూ అంటగట్టింది. యోధుడంటే మన వంటి మనిషి, కేవలం ధైర్యంతో, కవచంతో రాక్షసుడి ముందు నిలబడేవాడు. అతనికి మంత్రాల వంటి విద్యలు ఇస్తే అతను యోధుడిగా మిగలడు.

మలుపు

ఇక్కడ మాత్రం ప్రభావం అనిమేదేనని నేనూ అంటాను. తేడా ఏమిటంటే, నేను దాన్ని మేలుగా లెక్కిస్తాను. ఎందుకో తెలియాలంటే నాలుగో ఎడిషన్‌కు ముందున్న 3.5 ఎడిషన్‌లో ఒక యోధుడి వంతును దగ్గరగా చూడాలి.

అయిదో లెవెల్ మాంత్రికుడికి ఫైర్‌బాల్ అనే అగ్ని మంత్రం వస్తుంది. ముప్పై అడుగులు నడిచి, ఎక్కడో దూరాన ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ఉన్న ప్రతి శత్రువు మీదా అయిదు పాచికల నష్టం కురిపించి, నింపాదిగా తన వంతు ముగిస్తాడు. అదే లెవెల్‌లో యోధుడికి ఉన్నది ఒక్క దెబ్బ. ఆరో లెవెల్‌లో రెండో దెబ్బ చేతికి వస్తుంది గాని, ఆ రెండూ కొట్టాలంటే అతను అయిదడుగులకు మించి కదలకూడదు. శత్రువు పదడుగులు పక్కకు జరిగితే చాలు, యోధుడు ఏళ్ల తరబడి సంపాదించుకున్న నైపుణ్యం సగానికి పడిపోతుంది. తర్వాతి లెవెళ్లలో మాంత్రికుడు లోకాల మధ్య ప్రయాణిస్తుంటే యోధుడు కదలకుండా నిలబడి లెక్కలు వేసుకుంటూ ఉంటాడు. మూడు గంటల ఆటలో తన వంతు వచ్చిన ప్రతిసారీ 'కొడుతున్నాను' అని తప్ప మరో మాట అనడానికి వీల్లేని ఆటగాడి పక్కన కూర్చుంటే ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది.

టోమ్ ఆఫ్ బ్యాటిల్‌లోని వార్‌బ్లేడ్ అనే యోధుడి చేతికి మౌంటెన్ హ్యామర్ అనే దెబ్బ ఇచ్చారు. కదిలి వచ్చి కొట్టవచ్చు, అదనంగా రెండు పాచికల నష్టం, రాతి మేనున్న జీవి అయినా ఆ గట్టిదనం అడ్డురాదు. వాడిన దెబ్బ మళ్లీ చేతికి రావాలంటే ఆ వంతులో కొత్త విద్యలు ఆపి, మామూలు దెబ్బ కొట్టి ఊపిరి పీల్చుకోవాలి. ఇందులో మంటలూ లేవు, మంత్రాలూ లేవు. ఎప్పుడు ఏది వాడాలి, ఎప్పుడు ఆగాలి అన్న ఆలోచన ఉంది. సాధనతో మనిషి శరీరమే అసాధ్యాలను సాధించగలదన్న నమ్మకం అనిమే యుద్ధకథలకు ఆయువుపట్టు, ఆ నమ్మకమే ఇక్కడ నియమంగా మారింది. డెసర్ట్ విండ్ ఒక్కదాన్ని చూపించి తొమ్మిది విద్యలనూ కొట్టిపారేయడం న్యాయం కాదు.

2014 నాటి అయిదో ఎడిషన్‌లో బ్యాటిల్ మాస్టర్ యోధుడికి మూడో లెవెల్‌లో నాలుగు ప్రత్యేక పాచికలు ఇచ్చారు. వాటితో శత్రువును పడగొట్టవచ్చు, ఎదురుదెబ్బ తీయవచ్చు, కాసేపు విశ్రమిస్తే అవి తిరిగి వస్తాయి. టోమ్ ఆఫ్ బ్యాటిల్‌ను అనిమే అని తిట్టినవారిలో ఎంతమంది ఈ యోధుణ్ణి సంతోషంగా ఆడుతున్నారో ఆలోచించండి. పేరు చెప్పుకోకుండా వచ్చింది కాబట్టి ఎవరికీ పరాయిగా అనిపించలేదు.

గోదారి గట్టు

మలుపు గారి మాటల్లో చాలా వాటితో ఏకీభవిస్తూనే, చావు విషయంలో వారు జపాన్‌ను మరీ తేలిగ్గా విడిచిపెట్టారని అనుకుంటున్నాను. డ్రాగన్‌లాన్స్ చేసింది డంజన్ మాస్టర్‌కు ఒక సలహా ఇవ్వడం వరకే. జపాన్ ఆటలు ఏకంగా నియమాన్నే తిరగరాశాయి.

తెన్‌రా బాన్షో జీరో అనే ఆటలో క్యారెక్టర్ షీట్ మీద గాయాల గడుల చివర 'మృతి' అని ఒక గడి ఉంటుంది. దానిలో గీత పెట్టేది ఆటగాడే. పెడితే ఆ క్షణాన తగిలిన దెబ్బ మొత్తాన్ని ఆ గడి మింగేస్తుంది, వేసే పాచికలు కూడా పెరుగుతాయి, కాని అక్కడి నుంచి సత్తువ సున్నాకు చేరితే చావు తప్పదు. గీత పెట్టనంత కాలం పాత్ర ఓడిపోవచ్చు, కుప్పకూలవచ్చు, చావదు. ఇటలీలో ఎమాన్యుయెలె గాలెత్తో తయారుచేసిన ఫాబులా అల్టిమా కూడా ఇదే బాటలోది. హిట్ పాయింట్లు సున్నా అయినప్పుడు లొంగిపోయి ఏదో ఒకటి కోల్పోవచ్చు, లేదా షరతులు కుదిరితే ప్రాణత్యాగం చేసి అసాధ్యమైన పనిని సాధించవచ్చు. రెండింటిలో ఏదన్నది ఆటగాడి ఇష్టం.

లోడోస్‌లో ఘిమ్ చావు మనసును తాకడానికి కారణం, అతను దేనికోసం చస్తున్నాడో తెలిసి చావడం. ఆ అనుభూతిని నియమంలోకి తెచ్చింది ఈ ఆటలే. ఇది అనిమే ప్రభావమే, చిన్నదేమీ కాదు, తాటాకు గారి భయంలో ఆ మేరకు నిజముంది.

మలుపు

గోదారి గట్టు గారు చెప్పిన గడి నాకు ఎంతో ఇష్టమైన నియమం. అయినా తాటాకు గారి బల్ల మీదికి దాన్ని నేను తీసుకురాను. చావు ఆటగాడి చేతిలో ఉన్నప్పుడు పదడుగుల కర్రకు పనుండదు, తలుపు దగ్గర చెవి ఆనించి వినడానికి కారణం ఉండదు. ఎవరిని కాపాడటానికి ప్రాణమిస్తావని అడిగే ఆట అది. ఈ గది నుంచి ప్రాణాలతో బయటపడగలవా అని అడిగే ఆట వేరు. రెండో ప్రశ్నను అనిమే చంపేసిందనడం మాత్రం నేను ఒప్పుకోను. రెండు ఉదాహరణలు చాలు.

2018లో అనిమేగా వచ్చిన గోబ్లిన్ స్లేయర్ మొదటి భాగంలోనే, తొలిసారి గుహలోకి దిగిన కుర్రకారు బృందం గోబ్లిన్లనే పొట్టి రాక్షసుల చేతిలో ఛిన్నాభిన్నమవుతుంది. చీకట్లో పొడవాటి కత్తి తిప్పబోయి, అది గుహ పైకప్పుకు తగలడంతో ఒకడు ప్రాణం పోగొట్టుకుంటాడు. పాత డంజన్ మాస్టర్లు చెప్పి చెప్పి అలసిపోయిన పాఠమది.

ర్యోకో కుయి గీసిన, 2024లో అనిమేగా వచ్చిన డంజన్ మెషి కథ మొదలయ్యేదే ఎర్ర డ్రాగన్ చేతిలో ఓటమితో. కడుపులో తిండి లేక ఆదమరిచిన బృందం అది. మిగిలినవారిని మంత్రంతో బయటకు పంపి ఫాలిన్ డ్రాగన్‌కు ఆహారమవుతుంది. ఆమె అరిగిపోకముందే చేరుకోవాలి, చేతిలో సామాను లేదు, తిండి కొనడానికి డబ్బు లేదు, అందుకే దారిలో దొరికిన రాక్షసులను వండుకు తింటూ దిగుతారు. 1974 నాటి ఆటలో కాగితం మీద లెక్కపెట్టిన తిండి, దివిటీ, వెనుదిరిగే దారి ఈ కథలో ప్రాణసంకటాలుగా మారాయి. అది చూసి వచ్చే కొత్త ఆటగాళ్లకు తాటాకు గారు తమ పాత పద్ధతి డంజన్‌ను ఒక్క నియమం కూడా మార్చకుండా పెట్టవచ్చు. సంచిలో ఎన్ని రోజుల తిండి ఉందని ముందుగా అడిగేది వాళ్లే.