ఐర్లాండ్ వాళ్ళది మొహమాటమా, డొంకతిరుగుడా?

వానలో గొడుగు:
డబ్లిన్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఇంగ్లీషు దేశమే కదా, మాటతో ఇబ్బంది ఏముంటుందిలే అనుకుని వచ్చాను, ఇప్పుడు ఆ ఇంగ్లీషే అర్థం కావట్లేదు. పోయిన నెల ఒక పని మిగిలిపోతే పక్క సీటతన్ని "శనివారం ఆఫీసుకి వస్తావా, ఇద్దరం కూర్చుని ముగించేద్దాం" అని అడిగాను. "ఐ విల్, యా" అన్నాడు. శనివారం వానలో రెండు బస్సులు మారి వెళ్ళి ఒక్కడినే కూర్చున్నా. సోమవారం అందరూ నవ్వారు, ఆ గొంతుతో "ఐ విల్, యా" అంటే "చచ్చినా రాను" అని అర్థమట! ఇంటి ఓనర్‌కి సింకు కింద పైపు కారుతోందని చెప్పి మూడు వారాలైంది, అడిగినప్పుడల్లా "నో బాదర్, గ్రాండ్" అంటాడు. బకెట్ మాత్రం నిండుతూనే ఉంది. దీన్ని మొహమాటం అనుకుని సర్దుకుపోవాలా, లేక నేరుగా "కాదు" అనలేని డొంకతిరుగుడు అనాలా? నా ఓటు రెండోదానికే.

భాషపిచ్చి:
తొందరపడకండి గొడుగు గారూ. వీళ్ళ పాత భాష ఐరిష్‌లో అవును, కాదు అనే విడి మాటలే లేవు. "అర్థమైందా?" అని అడిగితే క్రియనే తిప్పి చెప్పాలి. "అన్ డిగన్ తూ?" అంటే "తిగిమ్" (అర్థమైంది), లేదా "నీ హిగిమ్" (అర్థం కాలేదు). మనకి అవును, కాదు రెండూ ఉన్నాయి, అయినా "తిన్నావా?" అంటే "తిన్నాను" అంటాం గానీ "అవును" అని ఊరుకోం కదా, అదీ ఇదీ ఒకటే. అందుకే ఇక్కడి పెద్దవాళ్ళ ఇంగ్లీషులో ఎస్, నో తక్కువగా వినిపిస్తాయి. "ఆర్ యూ కమింగ్?" అంటే "ఐ యామ్". "డిడ్ యూ సీ ఇట్?" అంటే "ఐ డిడ్". తాళాలు ఇప్పుడే పోగొట్టుకున్నవాడు "ఐయామ్ ఆఫ్టర్ లూజింగ్ మై కీస్" అంటాడు, ఐరిష్‌లో "తర్వాత" అనే మాట పెట్టి అప్పుడే జరిగినదాన్ని చెప్తారు, అదే అచ్చు ఇంగ్లీషులోకి దిగింది. తిట్టడాన్ని "గివింగ్ అవుట్" అనడం కూడా అంతే. "నో" అనకపోవడం వాళ్ళ వ్యాకరణంలోనే ఉంది, దాన్ని గుణదోషం చేస్తే ఎలా?

ఓరుగల్లు పోరడు:
అన్నా, వ్యాకరణం మీద ఇంత బరువు వేస్తే అది కూలిపోతది. "తిగిమ్, నీ హిగిమ్" అని మీరే రాశారు, కాదనడానికి "నీ" ఉంది కదా! క్రియతో చెప్పడం వేరు, చెప్పకుండా తప్పించుకోవడం వేరు. మనం "తినలేదు" అని ఖరాఖండిగా అనగలం, వాళ్ళూ అనగలరు. ఇంకోటి, 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చు అన్నవాళ్ళు 18 లక్షల 70 వేల పైచిలుకు ఉన్నా, బడి బయట రోజూ మాట్లాడేది 72 వేల కంటే కొంచెం తక్కువే. గొడుగన్న ఇంటి ఓనర్ వాళ్ళల్ల ఉన్నాడా? వాడికి పైపు బాగుచేయించే డబ్బు ఖర్చు పెట్టాలని లేదు, అంతే సంగతి.

భాషపిచ్చి:
భాష పోయినా అచ్చు మిగులుతుంది పోరడు గారూ. 1845లో బంగాళాదుంప తెగులుతో మొదలైన కరువులో పది లక్షల మంది చనిపోయారు, ఇంచుమించు అంతే మంది ఓడలెక్కారు. ఎక్కువగా దెబ్బతిన్నది ఐరిష్ మాట్లాడే పడమటి పల్లెలే. అమెరికా వెళ్ళాలన్నా కొలువు దొరకాలన్నా ఇంగ్లీషే దిక్కు అని తల్లిదండ్రులే పిల్లల్ని ఇంగ్లీషుకి మళ్ళించారు. కొన్ని చోట్ల పిల్లాడి మెడలో కర్ర కట్టి, ఐరిష్ మాట దొర్లినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టి, గాట్లు లెక్కపెట్టి కొట్టేవాళ్ళు. పెద్దయ్యాక ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళు దాన్ని ఐరిష్ వరసలోనే పలికారు, వాళ్ళ పిల్లలకి అదే తల్లిభాష అయింది. మీ ఓనర్‌కి ఒక్క ఐరిష్ ముక్క రాకపోయినా ఆ వరస వస్తుంది.

ఓరుగల్లు పోరడు:
సరే, చరిత్ర అంటున్నారు కాబట్టి చరిత్రే చెప్తా. అక్కడ భూమి ఇంగ్లీషు దొరలది, కౌలు వసూలుకి ఏజెంట్లు. దొర ముందు "కాదు" అన్నవాడి గుడిసె మిగలదు. మా దగ్గర "నీ బాంచన్ దొరా" అన్నోళ్ళందరూ దొర చెప్పిన పనల్లా చేసిన్రా? నోటితో అవును, కాళ్ళతో కాదు. అది నోరు లేనోడి తెలివి, నేను తప్పు పట్టను. కానీ ఇయ్యాల దొర ఎవరు, కౌలుదారు ఎవరు? ఇల్లు ఓనర్‌ది, బకెట్ గొడుగన్నది. పైనున్నోడు కిందోడి భాష మాట్లాడితే దాన్ని మొహమాటం అననీకి నాకు నోరు రాదు.

నర్సమ్మ:
పోరడు మాటలో పాయింట్ ఉంది కానీ నా అనుభవం వేరే. కార్క్ దగ్గర ఒక ఆసుపత్రిలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. మొదటి నెలలోనే ఒక పెద్దావిడ, తుంటి ఆపరేషన్ అయిన రెండో రోజు, "ఎలా ఉన్నారమ్మా" అంటే "గ్రాండ్, లవ్, గ్రాండ్" అంది. గ్రాండ్ అంటే బ్రహ్మాండం అనుకుని రాసేసుకుని వెళ్ళబోయాను. మా సీనియర్ వెనక్కి పిలిచి ఆవిడ చేతులు చూడమంది. దుప్పటి అంచు పట్టుకుని పిడికిలి బిగించి ఉంది. ఇక్కడ గ్రాండ్ అంటే "పర్వాలేదు, నా గురించి హైరానా పడకు" అని. "నాట్ టూ బ్యాడ్" అంటే బాగానే ఉన్నట్టు. "ఐయామ్ నాట్ గ్రేట్" అన్నారా, పరిగెత్తాలి. "టుక్ ఎ వీక్‌నెస్" అంటే నీరసం కాదు, కళ్ళు తిరిగి పడిపోయారని. అప్పట్నుంచి ఎలా ఉన్నారని అడగడం మానేసి, నొప్పి పదికి ఎంత అని అంకె అడుగుతున్నాను. ఆ పెద్దావిడకి నా దగ్గర దాచాల్సిన స్వార్థం ఏముంది చెప్పండి? మా అమ్మమ్మ కూడా అంతే, జ్వరంతో మూలుగుతూనే "నాకేమైందే, శుభ్రంగా ఉన్నాను" అనేది. టీ సంగతి కూడా చెప్తా, ఎవరింటికైనా వెళ్తే మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి, మూడోసారి "సరే, మీరు పెట్టుకుంటుంటే" అనాలి. మన ఊళ్ళో "ఇప్పుడే తిని వచ్చామండీ" అనడం లేదూ?

గాల్వే గోదారి:
నేను ఊళ్ళు తిరిగే మనిషిని, కాబట్టి దారి సంగతి చెప్తాను. ఐర్లాండ్‌లో 2015 దాకా దేశం మొత్తానికి పిన్‌కోడ్ లాంటిదే లేదు. ఇప్పటికీ పల్లెల్లో దారి అడిగితే "పబ్బు దాటాక పసుపు ఇల్లు వస్తుంది, అక్కడ తిరక్కండి" అంటారు, తిరగకూడని చోట్లు ముందు చెప్పి తర్వాత తిరగాల్సింది చెప్తారు. "జస్ట్ డౌన్ ద రోడ్" అంటే అరకిలోమీటరూ కావచ్చు, పది కిలోమీటర్లూ కావచ్చు, మన "ఇక్కడే, కూతవేటు" లాగా. కానీ మోసం చెయ్యాలని కాదు, నడిచేవాడు డీలా పడకూడదని. డింగిల్ వెళ్తే ఇంకో తమాషా. 2005లో ప్రభుత్వం ఐరిష్ మాట్లాడే ప్రాంతాల బోర్డుల మీద ఇంగ్లీషు పేర్లకి చట్టబద్ధత తీసేసింది, డింగిల్ పోయి "అన్ డాంగ్యన్" వచ్చింది. టూరిస్టులు రారేమోనని ఊరివాళ్ళు గొడవపడి 2006లో ఓట్లు పెట్టుకుని మరీ డింగిల్ కావాలన్నారు. చూశారా, అవసరమైతే ఎంత సూటిగా కాదంటారో! ఇంకో హెచ్చరిక, పబ్బుల్లో టాయిలెట్ తలుపు మీద "ఫిర్" అంటే మగవాళ్ళు, "మ్నా" అంటే ఆడవాళ్ళు. ఎమ్ అక్షరం చూసి మెన్ అనుకుని మా తమ్ముడు లోపలికి వెళ్ళిపోయాడు, ఆ కథ ఇక్కడ వద్దు.

వానలో గొడుగు:
నర్సమ్మ గారూ, మీ పెద్దావిడ కథ చదివి కాసేపు ఆగాను, నిజమే. కానీ మీకు వెనక్కి పిలిచే సీనియర్ ఉన్నారు. నాకు లేరు. మా మేనేజర్ "వీలున్నప్పుడు ఒకసారి దాని మీద కన్నేస్తే బాగుంటుందేమో" అన్నారు, నేను నిజంగానే వీలు చూసుకుని వారం తర్వాత చేశాను. ఏడాది చివర్లో నా రివ్యూలో "చెప్పిన పని వెంటనే అందుకోవడం లేదు" అని రాశారు. అక్కడ పుట్టినవాడికి అది "ఇవాళే చెయ్యి" అని వినిపిస్తుందట. మన వాళ్ళు "చూద్దాంలెండి" అంటే కాదని మనకి తెలుసు, ఎందుకంటే చిన్నప్పట్నుంచీ విన్నాం. ఈ మర్యాదకి అయ్యే ఖర్చు ఎప్పుడూ కొత్తగా వచ్చినవాడి జేబులోంచే పోతోంది, నా ఏడుపు అదీ.

నర్సమ్మ:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. రివ్యూలో అలా రాయడం అన్యాయం. ఇకనుంచి "ఎప్పటికి కావాలి?" అని రోజు అడగండి, నవ్వుతూ అడగండి, వాళ్ళు నొచ్చుకోరు. ఓనర్‌ని కూడా "వస్తారా" అనకండి, "మంగళవారమా, బుధవారమా?" అనండి.

వానలో గొడుగు:
అప్‌డేట్. మంగళవారమా బుధవారమా అని మెసేజ్ పెట్టాను, బుధవారం అన్నాడు, గురువారం వచ్చాడు, పానాలు తనే తెచ్చుకుని ఇరవై నిమిషాల్లో పైపు బాగుచేశాడు! నెల నుంచి వాళ్ళ నాన్నకి ఒంట్లో బాలేదట, ఇవాళ మాటల్లో తెలిసింది, అన్నిసార్లు "గ్రాండ్" అన్నాడే గానీ ఆ ముక్క చెప్పలేదు. టీ తాగుతారా అన్నాను, "నో నో, ఐయామ్ గ్రాండ్" అన్నాడు. రెండోసారి అడిగాను, వద్దన్నాడు. మూడోసారి అడగాలని అతను గేటు దాటాక గుర్తొచ్చింది.

ఓరుగల్లు పోరడు:
అయ్యో అన్నా! వాళ్ళ నాయన ఎట్లున్నడో ఫోన్ చేసి అడుగు. "గ్రాండ్" అంటే మాత్రం మళ్ళీ అడుగు.